గుండు బరువు, వేగము, గురి

గుండు ఎంత వేగముగ పోవునో అంత గట్టిగ తగులునని సామాన్యముగ అందరును తలంతురు. ఈ తలంపులో కొంత నిజమున్నది. కాని కొంత మాత్రమే. మిగిలిన నిజము తెలియుటకు వేటరివాల్వరు కంటె మంచి ఉదాహరణము మాకు తోచలేదు. పాఠశాలలో మనము చదువు రెండు సూత్రములు ఇచ్చట ఎదురెదురుగ నిలిచి వాదించుకొనును.

ముందుగా మాటల సంగతి. ఇత్తడి గొట్టము, దానిలోని మందు, అడుగున నిప్పు పుట్టించు చిన్న టోపీ, పైన బిగించిన గుండు - ఈ నాలుగును కలిసినది తూటా. వెలువడి పోవునది గుండు మాత్రమే. వాడుకలో రెండు పేర్లను కలగాపులగముగ వాడుదురు గాని, ఈ వ్యాసమున వేరుపరుపక తప్పదు. గుండు బరువును గ్రెయినులలో చెప్పుదురు. పౌనుకు 7,000 గ్రెయినులు. గ్రామునకు సుమారు 15½.

రెండు గుండ్లను తీసికొందము. ఒకటి 180 గ్రెయినుల బరువు గలది, సెకనుకు 1,600 అడుగుల వేగముతో పోవును. రెండవది 300 గ్రెయినులది, దాని వేగము 1,200 అడుగులు. గతిశక్తి బరువును వేగవర్గముచే గుణించి సగము చేసిన వచ్చును. రెండింటికిని సగము చేయుట సమానమే గనుక దానిని విడుతము. మొదటి గుండునకు 46 కోట్ల 8 లక్షలు. రెండవదానికి 43 కోట్ల 20 లక్షలు. తేలిక గుండే గెలిచినది. ఇక ద్రవ్యవేగము చూతము. ఇందు వేగమును ఒక్కసారియే గుణింపవలెను. మొదటిదానికి 2,88,000, రెండవదానికి 3,60,000. బరువు గుండు నాలుగవ వంతు అధికముగ గెలిచినది. ఈ రెండు లెక్కలలో దేనిని నమ్మవలెను?

ఈ ప్రశ్నకు తోవ చూపినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయ గణితజ్ఞుడు. ఇతడు 1707లో బాత్ నగరమున జన్మించెను. 1742లో ఫిరంగి శాస్త్రమును గూర్చి ప్రకటించిన గ్రంథమున గుండు వేగమును కొలుచు ఉపాయమును వివరించెను. అంతవరకు కంటికి కానరాని ఆ వేగమును సరిగా కొలిచినవారు లేరు. రాబిన్సు బరువైన కొయ్యదిమ్మను ఊయలవలె వ్రేలాడదీసి, దానిలోనికి గుండును పేల్చెను. గుండు దిమ్మలో దిగబడగా, దిమ్మ వెనుకకు ఊగును. ఆ ఊపు ఎంతయో దిమ్మకు కట్టిన పట్టీ జరిగిన పొడవును బట్టి తెలియును.

దిమ్మ గుండుకంటె 672 రెట్లు బరువున్నదనుకొందము. గుండు 1,680 అడుగుల వేగముతో వచ్చి తగిలినచో, రెండును కలిసి సెకనుకు రమారమి 2½ అడుగుల వేగముతో కదలును. ద్రవ్యవేగము చెక్కుచెదరక దిమ్మకు సంక్రమించును. గతిశక్తి మాటయో? 673 వంతులలో ఒక్క వంతు మాత్రమే ఊపుగా మిగులును. తక్కినదంతయు కొయ్యను చీల్చుటకు, సీసమును నలుగగొట్టుటకు, వేడిమికి వ్యయమైపోవును. శక్తి నశింపదు, రూపము మార్చుకొనును.

ఈ రాబిన్సునకును మన ప్రాంతమునకును సంబంధము కలదు. ఈస్టిండియా కంపెనీ తన కోటలను బాగుచేయుటకై ఇతనిని ప్రధాన ఇంజనీరుగ నియమించి ఈ తీరమునకు పంపెను. పుదుచ్చేరికి దక్షిణముననున్న కడలూరు చెంతనే గల సెయింట్ డేవిడ్ కోటలో 1751 జులై 29న జ్వరముచే మరణించెను. ఆ దారిన పోవు మన పిల్లలలో ఎందరికి ఈ సంగతి తెలియును?

వేట విషయమునకు వత్తము. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. కావున ఇది మనకు లెక్కలకు సంబంధించిన విషయమే. అమెరికా సంయుక్త రాష్ట్రములందు అనుమతి పొంది రివాల్వరుతో పెద్ద జింకలను, ఎలుగులను వేటాడువారు కలరు. అచ్చటి వేటగాండ్రకు ఈ లెక్క ప్రాణముతో ముడిపడినది. పెద్ద మృగము భుజపుటెముకను దాటి గుండు గుండియవరకు పోవలెను. తేలికయై మెత్తనైన గుండు మిక్కిలి వేగముతో తగిలి, చర్మము క్రిందనే చదునై ఆగిపోవచ్చును. గాయపడి పారిపోయిన మృగము పడు బాధ చెప్పనలవి కాదు. అది తిరుగబడినచో వేటగానికిని ముప్పే. బరువైన గట్టి గుండు నెమ్మదిగ పోయినను తన దారిని విడువదు.

ఐడహో రాష్ట్రమునకు చెందిన ఎల్మర్ కీత్ అను పశుపాలకుడు ఈ వాదమును జీవితమంతయు వినిపించెను. అతని పట్టుదల వలన పాయింట్ 44 మాగ్నమ్ తూటా 1955లో రూపొంది మరుసటి యేట అంగడికి వచ్చినది. దాని సామాన్యపు గుండు బరువు 240 గ్రెయినులు. అదియును చాలదన్నవారు కొందరు బయలుదేరిరి. వయోమింగు రాష్ట్రపు తుపాకిపనివాడు జాన్ లైన్‌బా 1986లో అర అంగుళపు గుండు గల తూటాను సిద్ధపరచెను. వేరొక రైఫిలు తూటా యొక్క ఇత్తడి గొట్టమును పొట్టిగ కోసి దీనిని చేసిరి. దీని గుండు 400 గ్రెయినులకు పైబడును. ఇంత లావు తూటాలను ఆరింటిని పట్టించిన సిలిండరు గోడలు పలుచనై పగులును గనుక, అయిదింటికి మాత్రమే చోటుంచిరి.

ఇట్లనుటచే వేగము నిరర్థకమని మా భావము కాదు. వేగము గల గుండు తక్కువగ క్రిందికి వాలును. అయితే ఎంత? గాలి నిరోధమును విడిచి లెక్కించినచో, 50 గజముల దూరములో మన తేలిక గుండు 1.7 అంగుళములు, బరువు గుండు 3 అంగుళములు దిగును. వేటరివాల్వరును సాధారణముగ ఇంతకు మించిన దూరమున వాడరు. ఆ స్వల్పభేదము కొరకు బరువును వదులుకొనుట తెలివి గాదని మా అభిప్రాయము.

బరువు గుండునకు వెల వేరొక చోట చెల్లింపవలెను. మూడు పౌనుల రివాల్వరు నుండి మన 300 గ్రెయినుల గుండు వెడలినచో, మందు పొగ బరువును లెక్కింపకయే, రివాల్వరు సెకనుకు 17 అడుగుల వేగముతో వెనుకకు తన్నును. తేలిక గుండునకు ఇది 14 అడుగులకు లోపలనే. ఈ తన్నునకు సిలిండరులో మిగిలియున్న తూటాల గుండ్లు తమ గొట్టముల నుండి ముందుకు జారి వచ్చి, సిలిండరును తిరుగనీయక బిగియజేయుటయు కలదు. అందుకే ఇత్తడి అంచును గుండు చుట్టును గట్టిగ నొక్కుదురు.

గురి సంగతి మిగిలినది. నునుపైన గొట్టమునుండి వచ్చిన గుండు ఒక ప్రక్క రాసికొని, తిరుగుచు, గాలిలో వంకరపోవునని రాబిన్సు గ్రహించెను. దీనిని చూపుటకై తుపాకి మూతిని ఎడమకు వంచి పేల్చెను. వరుసగ నిలిపిన పలుచని కాగితపు తెరలలోని రంధ్రములను బట్టి, ఆ గుండు మొదట ఎడమకు పోయి పిమ్మట కుడికి మళ్లినట్లు తేలినది. గొట్టములో మరచుట్టు గాడులు తొలిచినచో గుండు తన పయనపు గీత చుట్టునే బొంగరమువలె తిరిగి నిలకడ పొందును. ఒకే లావు గల గుండ్లలో బరువైనది పొడవుగ నుండును. పొడవైన గుండునకు త్వరిత భ్రమణము కావలెను. బరువును పెంచువాడు ఈ గాడుల చుట్టును కూడ చూచుకొనవలెను. రివాల్వరునకు మరియొక చిక్కున్నది. తూటా యుండు అర, గొట్టము వేరువేరు ముక్కలు. అర మధ్యబిందువు గొట్టపు మధ్యబిందువుతో వెంట్రుకవాసి తప్పినను గుండు ఒరసికొని ఒక ప్రక్క చెక్కబడును. ప్రత్యేకముగ చేయించు రివాల్వరుల వెల అధికమగుటకు ఈ పొందికయే ముఖ్యకారణము.

చివరిగా ఒక వింత. ఈ రివాల్వరుల నుండి దగ్గరి గురిని కొట్టినప్పుడు నెమ్మదియైన బరువు గుండు క్రిందుగ గాక, తేలిక గుండుకంటె పైకి తగులును! పిడి గొట్టమునకు క్రింద నుండుటచే, తన్ను పుట్టగనే మూతి పైకి లేచుట మొదలిడును. గుండు గొట్టములో గడుపునది సెకనులో సుమారు వెయ్యవ వంతు కాలమే. కాని బరువు గుండు మరికొంత తడవు లోపల నుండును గనుక, మూతి అధికముగ లేచిన తరువాత బయటపడును. కావున కదలని గురిగుర్తు గల రివాల్వరులను చేయువారు గొట్టపు మూతిపైనుండు గురిగుర్తును కావలసినదానికంటె ఎత్తుగ విడుతురు. కొన్నవాడు తాను వాడదలచిన గుండు బరువును, మందు పాలును ముందు నిర్ణయించుకొని, ఆ తూటాతోనే పలుమారులు పేల్చి చూచి, గుర్తును ఆకురాయితో కొంచెము కొంచెముగ రాచి దింపుకొనవలెను. అధికముగ రాచినచో లోహమును తిరిగి చేర్చుట కష్టము.