నీటిమట్టం మారితే పడవదారి మారుతుంది

వాగులో మట్టం అడుగు పెరిగితే పారే నీరు కూడా ఆ లెక్కనే పెరుగుతుందనుకుంటే పొరపాటు. లోతుతో పాటు వెడల్పూ పెరుగుతుంది, వడీ పెరుగుతుంది. మూడూ కలిసి ప్రవాహాన్ని మట్టం కంటే ఎన్నో రెట్లు పెంచేస్తాయి. వడి రెట్టింపైతే, అడ్డం తిరిగిన పడవను నీరు నెట్టే బలం నాలుగింతలవుతుంది. తెడ్డు వేసే చేతుల బలం మాత్రం పెరగదు.

ఈ తేడాలు తెలుసుకోవడానికి నేలకొండపల్లి ప్రాంతం మంచి చోటు. దగ్గర్లోనే పాలేరు జలాశయం ఉంది. పూర్తి మట్టం 23 అడుగులు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు ఇందులోకి వచ్చి కింది ఆయకట్టుకు వెళ్తుంది. నేలకొండపల్లిలో పుట్టిన భక్త రామదాసు పేరుతో 2017లో మొదలైన ఎత్తిపోతల పథకం తోడేదీ ఈ నీటినే. అంటే ఇక్కడ మట్టం పెరగడం, తగ్గడం చాలావరకు తూముల చేతిలో, మోటార్ల చేతిలో ఉంటుంది. నీరు నిదానంగా దిగుతుంది కాబట్టి పడవకు వడి బెడద తక్కువ. చిక్కంతా ఒడ్డు దగ్గరే. మట్టం పడిపోతే నీటి అంచు రేవును వదిలి లోపలికి జరుగుతుంది, మధ్యలో మోకాలి లోతు బురద మిగులుతుంది. నిండుగా ఉన్నప్పుడు పడవ కిందెక్కడో ఉండే మొద్దులు అప్పుడు అడుగును గీరుతాయి.

మున్నేరు తీరు వేరు. పాకాల చెరువు నుంచి వచ్చే ఈ ఏటిలో ఖమ్మానికి ఎగువన, తీర్థాల దగ్గర ఆకేరు, బుగ్గేరు కలుస్తాయి. మహబూబాబాద్ వైపు రాత్రి దంచికొట్టిన వాన, ఖమ్మంలో ఎండ కాస్తున్నా గంటల తేడాతో ఇక్కడికి దిగుతుంది. పట్టణం దగ్గర 16 అడుగులకు మొదటి హెచ్చరిక, 24కు రెండోది. 2024 సెప్టెంబరు 1న మట్టం 36 అడుగులకు చేరి ఒడ్డునున్న కాలనీలు మునిగాయి. వాన మీదే బతికే ఏరులో ఉదయం చూసిన మట్టాన్ని నమ్ముకుని సాయంత్రం దాకా ప్రయాణం వేసుకోవడం కుదరదు.

తెడ్డుతో నడిపే చిన్న పడవకు నీరు మరీ తక్కువైతే ప్రమాదం కంటే ప్రయాసే ఎక్కువ. రాళ్లున్న చోటల్లా దిగి లాగాలి, ఇసుక మేటల దగ్గర ఎత్తి మోయాలి, గంట దారి పూట పడుతుంది. రాళ్లు మునిగి, ఒడ్డు చెట్లకు నీరు తగలని మట్టమే అన్నిటికంటే అనుకూలం. రాళ్ల వెనక నీరు కాసేపు నిలిచే మడుగులుంటాయి, పడవ అక్కడ ఆగి ముందు దారి చూసుకోవచ్చు. ఇంకా పెరిగితే ఆ మడుగులు పోతాయి. నీరు తుమ్మకంపల్లోకి, కంచెల్లోకి ఎక్కుతుంది. కంపలోంచి నీరు దూరిపోతుంది గానీ పడవ, మనిషి దూరలేరు, వెనక నుంచి ప్రవాహం అదిమి పట్టేస్తుంది. మామూలు రోజుల్లో తల వంచకుండా దాటే వంతెన కింద సందు కూడా మిగలదు.

చెక్‌డ్యాంల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అవి చూపును మోసం చేస్తాయి. వేసవిలో చెక్‌డ్యాం వట్టి గోడ. గోడ మీదుగా ఒకటి రెండు అడుగుల మందంతో నీరు దూకుతున్నప్పుడు, దిగువన పైపొర నీరు వెనక్కి, గోడ వైపుకే తిరుగుతుంది. అందులో పడిన పడవను, మనిషిని పదే పదే దూకుడు కిందికి లాగుతుంది. ఎగువ నుంచి వచ్చేవారికి ఇదేమీ కనిపించదు. నున్నటి నీటి గీత ఒక్కటే కనిపిస్తుంది. ముందే ఒడ్డెక్కి, పడవను మోసుకుని గోడ దాటడమొక్కటే మార్గం.

మట్టం కంటే ప్రవాహం ఎక్కువగా పెరిగే లెక్క పెద్ద ఎత్తున గోదావరిలో కనిపిస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 43 దగ్గర ప్రవాహం సుమారు 9.3 లక్షల క్యూసెక్కులు, 48 దగ్గర 11.4 లక్షలు, 53 దగ్గర 14.2 లక్షలు. క్యూసెక్కంటే సెకనుకు 28 లీటర్లు. మొదటి అయిదడుగులకు రెండు లక్షల పైచిలుకు పెరిగితే, తర్వాతి అయిదడుగులకు దాదాపు మూడు లక్షలు పెరిగింది. 1986 ఆగస్టులో మట్టం 75.6 అడుగులు తాకింది, 2022 జులైలో 71.3.

అయితే ఈ హెచ్చరికలు ఒడ్డున ఉన్నవారి కోసం పెట్టినవి, పడవల కోసం కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు నదిలో పారుతున్నది దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక నాటి ప్రవాహంలో అది సగం కంటే కాస్త ఎక్కువ. ప్రాణాలతో బయటపడింది 26 మందే. మునిగిన బోటును ఒడ్డుకు చేర్చడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. భద్రాచలం దగ్గర బారుగా పరుచుకునే నది పాపికొండల్లో రెండు గుట్టల మధ్య ఇరుకవుతుంది. అంతే నీరు అక్కడ లోతుగా, వడిగా, సుడులు తిరుగుతూ పోతుంది. పైగా కిన్నెరసాని, కూనవరం దగ్గర శబరి భద్రాచలానికి దిగువన కలుస్తాయి. వాటి నీరు భద్రాచలం ప్రవాహపు లెక్కలోకి రాదు.

2021 జూన్‌లో గోదావరిని పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వే మీదుగా మళ్లించాక లెక్క మరోసారి మారింది. స్పిల్‌వే అంచు సముద్రమట్టానికి 25.72 మీటర్ల ఎత్తున ఉంది, దాంతో ఎగువన నీరు నిలిచింది. పాపికొండల దారిలో వరద లేని నెలల్లో వడి తగ్గింది, పాత ఇసుకతిన్నెలు మునిగాయి. వాటితో పాటు చెట్లు, కట్టడాలు కూడా నీటి కింద ఉండిపోయాయి. అందువల్ల ఇప్పుడు ఈ దారిలో పడవ నడిపేవారు భద్రాచలం మట్టంతో పాటు శబరి రాకను, పోలవరం దగ్గర నిలిచిన నీటి మట్టాన్ని, అక్కడి గేట్ల తీరును కూడా చూసుకోవలసి వస్తోంది.