మాచీపత్రి సెగ

వినాయక చవితి పూజలో ఇరవైయొక్క పత్రాలలో మొట్టమొదటిది మాచీపత్రం. బాల్యంలో ఆ ఆకును నలిపి వాసన చూచినప్పుడు అది దేవుని గది పరిమళమే అనుకొనేవాడిని. రసాయన శాస్త్రం చదివిన పిమ్మట అది సినియోల్, కర్పూరం, థుజోన్ వంటి పదార్థాలు కలిసిన తైలమని తెలిసింది. ఆర్టెమీసియా అనే ఈ ప్రజాతికి చెందిన మొక్కల ఆకులనే చైనా వైద్యులు ఎండబెట్టి, దంచి, జల్లించి, ఆకు అడుగునుండే తెల్లని నూగును దూదివలె చేస్తారు. దానిని కడ్డీగా చుట్టి, నిప్పంటించి, చర్మానికి చేరువగా పట్టి సెగ చూపుతారు. జపాను వారి 'మొగుసా' అనే మాటయే పాశ్చాత్యుల నోట 'మోక్సా' అయింది.

మనకిది పూర్తిగా క్రొత్త కాదు. సుశ్రుతుడు అగ్నికర్మను వర్ణించాడు. మన పల్లెలలో పసిపిల్లలకు సైతం వాతలు పెట్టిన రోజులున్నాయి. ఆ క్రూరత్వాన్ని మాత్రం నేను సమర్థించను.

ఇంగ్లండు వారికి మోక్సా పరిచయమై మూడు శతాబ్దాలు దాటింది. ఆంగ్ల రాయబారి సర్ విలియం టెంపుల్ 1677లో నైమెగెన్ సంధి చర్చలలో ఉండగా ఆయనకు గౌటు, అనగా మన వాతరక్తం, వచ్చింది. బటేవియాలోని బుషోఫ్ అనే డచ్చి మతగురువు వ్రాసిన పుస్తకం గురించి విని, కాలిపై మోక్సా కాల్పించుకొన్నాడు. నొప్పి శాంతించిందని ఆయన వ్రాసిన వ్యాసం 1680లో అచ్చయింది. రసాయన దృష్టితో చూస్తే ఇందులో ఒక చమత్కారమున్నది. గౌటుకు మూలమైన యూరేటు లవణం చల్లదనంలో తక్కువగా కరుగుతుంది. అందుచేతనే స్ఫటికాలు తరచు కాలి బొటనవ్రేలి కీలులో పేరుకొంటాయి. అయితే వేడి వలననే బాధ పోయిందనలేము. గౌటు పోటు ఒకటి రెండు వారాలలో తనంతటనే తగ్గుతుంది కదా!

నేడు బ్రిటనులో మోక్సా పేరు ఎక్కువగా వినబడేది ఎదురుకాళ్ళ కాన్పుల విషయంలో. ఇక్కడే స్థిరపడిన నా మేనకోడలికి ముప్పైనాలుగవ వారంలో బిడ్డ తల పైకే ఉన్నదని తేలింది. "మామయ్యా, నువ్వు కెమిస్టువి కదా, చిటికెన వ్రేలికి పొగపెడితే కడుపులో బిడ్డ తిరుగుతుందంటే నమ్మమంటావా?" అని ఫోనులో అడిగింది.

నవ్వబోయి ఆగాను. 1998లో అమెరికా వైద్య సంఘ పత్రికలో వచ్చిన చైనా పరిశోధనలో 260 మంది గర్భిణులు పాల్గొన్నారు. చిటికెన వ్రేలి గోటి వెలుపలి మూలన సెగ చూపిన 130 మందిలో 98 మందికి, చూపని 130 మందిలో 62 మందికి ముప్పైయైదవ వారానికి శిశువు తల క్రిందికి వచ్చింది. రెండవ అంకెనూ గమనించాలి: ఏమీ చేయకున్నా సగానికి సమీపంగా శిశువులు తిరిగారు! బ్రిటనులోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2017 మార్గదర్శకాలలో, 33–35 వారాల నడుమ శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో దీనిని పరిశీలించవచ్చునని పేర్కొన్నది. 2023 నాటి కాక్రేన్ సమీక్ష కొంత ప్రయోజనం ఉండవచ్చునన్నది. శస్త్రచికిత్స కాన్పులు తగ్గినట్లు మాత్రం తేలలేదు.

ఉన్నదున్నట్లు చెప్పి, "ఆసుపత్రి వారికి తెలియజేసి చేయించుకో, కిటికీలు తెరిచి ఉంచు" అన్నాను. మండే ఆకు ఏదైనా కార్బన్ మోనాక్సైడును వదలక మానదు. మొదటి రోజుననే ఇంటిలోని పొగ గంట మ్రోగి ఇరుగుపొరుగు బయటికి వచ్చారట. బిడ్డ మాత్రం తిరుగలేదు. ముప్పైయేడవ వారంలో వైద్యులు పొట్టపై చేతులతో ఒత్తి మెల్లగా త్రిప్పారు. సహజ కాన్పే అయింది.