కామెర్లు లేవు, కార్జం మంచిగనే ఉంది. మరి నెత్తురెందుకు కక్కిండు?

నిన్నటిదాకా బడికి పోయి ఆడుకున్న ఐదారేళ్ల పిల్లవాడికి రెండు రోజులు జలుబూ జ్వరమూ వస్తాయి. మూడో రోజు ఉన్నట్టుండి గిన్నెడు నెత్తురు కక్కుకుంటాడు. కడుపునొప్పి లేదు, కళ్లు పచ్చబడలేదు. డాక్టరు పొట్ట తడిమి, ఎడమ పక్కటెముకల కింద బల్ల, అంటే ప్లీహం, పెరిగిందంటారు. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో హైదరాబాదు చేరాక చెప్పేమాట: పోర్టల్ సిర మూసుకుపోయింది. మన దేశంలో పిల్లలు ఎక్కువ మొత్తంలో రక్తం కక్కుకోవడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. అయినా ఊళ్లో ఈ జబ్బు పేరు విన్నవాళ్లు అరుదు. అందుకే తల్లిదండ్రులు అడిగే తీరులోనే ప్రశ్నలు పెట్టుకుని జవాబులు చూద్దాం.

*కార్జం కరాబైందా సార్?*

లేదు. మొదట నమ్మాల్సిన విషయం ఇదే. పేగులు, పొట్ట, ప్లీహం నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిరలో కలిసి కార్జానికి, అంటే కాలేయానికి, చేరుతుంది. కాలేయానికి అందే రక్తంలో దాదాపు ముప్పావు వంతు ఈ దారినే వస్తుంది. ఈ పిల్లల్లో అడ్డు పడింది కాలేయంలో కాదు, దానికి ఇవతల. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు ఎక్కడన్నా అడ్డుపడితే కింది ఆయకట్టు భూమి చెడ్డదనం కాదుగదా; పైన నీళ్లు ఎగదన్ని, గట్టు బలహీనంగా ఉన్న చోటల్లా దారి వెతుక్కుంటాయి. రక్తమూ అంతే. పోర్టల్ సిరలో మామూలుగా 5 నుంచి 10 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉండే ఒత్తిడి పెరిగిపోతుంది. దాన్నే పోర్టల్ హైపర్‌టెన్షన్ అంటారు. బీపీ పట్టీతో కొలిచే రక్తపోటుకూ దీనికీ సంబంధం లేదు. ఎగదన్నిన రక్తం అన్నవాహిక అడుగున, పొట్ట పైభాగంలో ఉన్న సన్నటి సిరల్లోకి మళ్లుతుంది. అవి ఉబ్బి, వంకర్లు తిరిగి, ఒకరోజు పగులుతాయి. ప్లీహం రక్తంతో నిండి బల్లగా పెరుగుతుంది.

కాలేయం బాగుంది గనుకే, రక్తం సకాలంలో ఎక్కిస్తే ఈ పిల్లలు చాలావరకు కోలుకుంటారు. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో నెత్తురు పడితే వచ్చే ప్రమాదంతో దీన్ని పోల్చకూడదు. కామెర్లకు పసరు పోసేవాళ్ల దగ్గరికి తిప్పడం వల్ల వచ్చే లాభం లేదు, పోయేది మాత్రం విలువైన కాలం.

*ఇంత చిన్న పిల్లకు ఎట్ల మూసుకపోయింది?*

చాలామందిలో కచ్చితమైన కారణం దొరకదు. దొరికిన వాళ్లలో కొందరి కథ బొడ్డు దగ్గర మొదలవుతుంది. పుట్టిన కొత్తలో బొడ్డు సిర నేరుగా పోర్టల్ సిర ఎడమ కొమ్మలో కలుస్తుంది. బొడ్డు చీము పట్టినా, పసికందుకు వైద్యం కోసం ఆ సిరలో గొట్టం వేయాల్సి వచ్చినా, లోపల రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటుంది. తీవ్రమైన విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోవడం, కడుపులో ఇన్ఫెక్షన్, రక్తం తేలిగ్గా గడ్డకట్టే పుట్టు స్వభావం కూడా కారణాలే. బొడ్డుకు బూడిద, పసుపు, నూనె ఏవీ రాయకుండా పొడిగా, శుభ్రంగా ఉంచమనడం ఇందుకే. ఎర్రబడినా వాసన వచ్చినా అదే రోజు డాక్టరుకు చూపాలి. అయితే జబ్బు బయటపడ్డాక బాలింత రోజుల్లో ఏం తప్పు చేశావని తల్లిని నిలదీసే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది న్యాయమూ కాదు, వైద్యానికి పనికొచ్చేదీ కాదు.

*జ్వరం మందు తాగినంకనే నెత్తురొచ్చింది. మందు వల్లనా?*

కొంతవరకు కావచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పొట్ట లోపొరను దెబ్బతీస్తాయి, రక్తస్రావాన్ని పెంచుతాయి. ఉబ్బిన సిరలున్న పిల్లకు ఇవి వద్దు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేయబోయే ముందే, మావాడికి నొప్పి సూదులు పడవని చెప్పాలి.

*ఏ పరీక్షతో తెలుస్తది?*

కడుపుకు డాప్లర్ స్కాన్. సూది లేదు, రేడియేషన్ లేదు, పరగడుపున తీసుకెళ్తే చాలు. రక్తం ఎటు పారుతోందో, ఎక్కడ ఆగిందో అందులో కనిపిస్తుంది. మూసుకుపోయిన సిర చుట్టూ చిన్న సిరలు అల్లుకుని ఉంటాయి. రిపోర్టులో 'పోర్టల్ కావెర్నోమా' అని రాసేది దాన్నే. ఆపరేషన్ ఆలోచన ఉంటే సీటీ స్కాన్‌తో సిరల పటం గీయించుకుంటారు. ఉబ్బిన సిరలు ఎంత పెద్దవో ఎండోస్కోపీతో చూస్తారు.

రక్తపరీక్షలో ఇంకో చిక్కు ఉంది. పెరిగిన ప్లీహం రక్తకణాలను పట్టి ఉంచుతుంది, కాబట్టి ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తక్కువగా కనిపిస్తాయి. వానాకాలంలో ఆ అంకె చూడగానే డెంగీ అనుకుంటారు. జ్వరం తగ్గి వారాలు గడిచినా ప్లేట్‌లెట్లు పెరగకపోతే, పొట్ట ఎడమవైపు గట్టిగా తగులుతుంటే డాప్లర్ రాయమని అడగడానికి మొహమాటపడొద్దు. అదే సమయంలో కామెర్లు, పొట్టలో నీరు, కాలేయ పరీక్షల్లో తేడా ఉంటే డాక్టర్లు విల్సన్ జబ్బు, పైత్యనాళాలు మూసుకుపోవడం లాంటి వేరే కారణాలు వెతుకుతారు. పోర్టల్ హైపర్‌టెన్షన్ అంతా ఒకటే జబ్బు కాదు.

*నెత్తురు కక్కిన గంటలో ఏం చేయాలె?*

108కి ఫోన్ చేయాలి. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నెత్తురు ఊపిరిగొట్టంలోకి పోకుండా. నోటి ద్వారా నీళ్లు, మందు ఏమీ పోయొద్దు. విరేచనం నల్లగా, జిగటగా వచ్చినా అది లోపల కారిన నెత్తురే. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్లు. పెద్దాసుపత్రికే పోవాలన్న తొందరలో దారిలో ఉన్న జిల్లా ఆసుపత్రిని దాటేయడం పెద్ద పొరపాటు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ముందు అక్కడ సెలైన్, రక్తం, సిరల ఒత్తిడి తగ్గించే ఆక్ట్రియోటైడ్ మందు మొదలుపెట్టించుకుని, నిలకడగా అయ్యాక ముందుకు కదలడం మేలు. రక్తం ఇంకా ఎక్కించమని ఇంట్లోవాళ్లు పట్టుబట్టడమూ మంచిది కాదు. అవసరానికి మించితే సిరల్లో ఒత్తిడి పెరిగి మళ్లీ పగలొచ్చు. అందుకే హీమోగ్లోబిన్ 7, 8 గ్రాముల దగ్గర డాక్టర్లు కావాలనే ఆగుతారు.

తర్వాత ఎండోస్కోపీ ద్వారా ఉబ్బిన సిరలకు రబ్బరు బ్యాండ్లు వేస్తారు. ఆ పరికరం గొంతులో పట్టని పసివాళ్లకు ఆ ఉబ్బిన సిరలోకే మందు ఎక్కిస్తారు. ఒక్కసారితో అయ్యేది కాదు. సిరలు పూర్తిగా మాయమయ్యేదాకా కొన్ని వారాలకొకసారి రావాలి. ఆ పైన కూడా డాక్టరు చెప్పిన గడువుకు చూపించాలి. కొందరికి ప్రొప్రనోలాల్ ఇస్తారు. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి, ఆ మందు దాన్ని ఎక్కువ చేస్తుంది.

*బల్ల తీసేస్తే పోదా?*

బల్ల జబ్బు కాదు, జబ్బు ఫలితం. ప్లీహాన్ని ఒక్కదాన్నే తీసేస్తే మూసుకున్న సిర తెరుచుకోదు; పైగా రక్తాన్ని దారి మళ్లించడానికి పనికొచ్చే ప్లీహ సిర చేజారిపోతుంది, తీవ్రమైన ఇన్ఫెక్షన్ల భయం జీవితాంతం ఉంటుంది. తీయక తప్పకపోతే కనీసం రెండు వారాల ముందు న్యుమోకోకస్ తదితర టీకాలు వేయించాలి. రక్తస్రావం ఆగకపోయినా, బల్ల మరీ పెద్దదైనా, ఎదుగుదల కుంటుపడినా రక్తాన్ని మళ్లించే షంట్ ఆపరేషన్ చేస్తారు. ప్లీహ సిరను ఎడమ మూత్రపిండపు సిరకు కలపడం అందులో ఒక పద్ధతి.

ఇంకో పద్ధతి బ్రసెల్స్‌లో శస్త్రవైద్యుడు జాన్ డి విల్ డి గోయే 1990లలో రూపొందించినది: మెసో-రెక్స్ బైపాస్. పిల్ల మెడలోని సిర ముక్కను తీసి, అడ్డును దాటించి, కాలేయం లోపలి ఎడమ పోర్టల్ కొమ్మకు కలుపుతారు. పుట్టకముందు బొడ్డు సిర వచ్చి కలిసిన చోటే అది! కొందరిలో జబ్బు చొరబడిన దారి కొసనే వైద్యం నిలబడుతుంది. మిగతా షంట్లు కాలేయాన్ని తప్పించుకుని పోతాయి, ఇది మాత్రం రక్తాన్ని తిరిగి కాలేయానికే చేరుస్తుంది. అందరికీ కుదరదు, లోపలి కొమ్మ తెరిచి ఉండాలి, చేయి తిరిగిన సర్జన్ ఉండాలి. కుదిరిన చోట మొదట అడగదగింది ఇదేనని నా అభిప్రాయం.

*ఖర్చు?*

రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. డాక్టరు రాసిన చికిత్స ఆ జాబితాలో ఉందో లేదో చేరేముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. హైదరాబాదులో పిల్లలకు నీలోఫర్, ఆపరేషన్ల వైపు ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి.

*ఆడపిల్ల సార్. రేపు పెళ్లి, పిల్లలు?*

అడ్డేమీ లేదు. గర్భం దాల్చకముందే ఉబ్బిన సిరలకు వైద్యం పూర్తయి ఉండాలి, కాన్పు పెద్దాసుపత్రిలో జరగాలి. బల్ల పెద్దగా ఉన్నన్నాళ్లు కబడ్డీ లాంటి దెబ్బలాట వద్దుగానీ బడి మాన్పించే అవసరం లేదు. వయసు పెరిగేకొద్దీ కామెర్లు వస్తే మాత్రం వెంటనే చూపాలి. సిరల అల్లిక పైత్యనాళాన్ని నొక్కడం వల్ల వచ్చే చిక్కు అది.

ఈ వైద్యం మధ్యలో తెగిపోయేది ఎక్కువగా వలస వల్లనే. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి ముంబై, పుణే పనులకు పోయే కుటుంబాలు పిల్లను వెంట తీసుకుపోతే డాప్లర్, ఎండోస్కోపీ కాగితాలు, బ్లడ్ గ్రూపు, చివరిసారి బ్యాండ్లు వేసిన తేదీ ఒక సంచిలో పెట్టి తప్పక పట్టుకుపోండి. ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి. అర్ధరాత్రి పరాయి ఊళ్లో తెలియని డాక్టరు ముందు నిలబడినప్పుడు, పరీక్షలన్నీ మొదటి నుంచి చేయకుండా ఆయన నేరుగా వైద్యం మొదలుపెట్టగలిగేది ఆ కాగితాలు చూసే.