తెరమీది పొడుపుకథలు

పొడుపుకథలు విప్పుట మన యిండ్లలో పూర్వమునుండియు నున్న వినోదమే. అదియే నేడు ఇంటర్నెట్టున క్రొత్త రూపము దాల్చినది. దాని పేరు 'పైథాన్ ఛాలెంజ్'. నాదవ్ సామెట్ అను నాతడు దీనిని 2005లో కల్పించెను. ఇందు 30కి మించిన మెట్లు కలవు. ఒక మెట్టున దొరకిన జవాబే పైమెట్టునకు తాళపుచెవి.

మొదటి మెట్టున 2 అను అంకెయు, దాని తలమీద చిన్నదిగా 38యు కనబడును. చదరంగపు గడులలో గింజలను రెట్టింపు చేయుచు పోయిన కథ మన మెరిగినదే గదా! మొదటి గడిలో 1 గింజ యుంచినచో 39వ గడిలో నుండవలసినన్ని గింజలే యీ జవాబు: 27,487 కోట్ల 79 లక్షల 6 వేల 944. రెండవ మెట్టున అర్థము లేనట్టి వ్రాత యొకటి యుండును. 'మేచకల్యాణి' యను పేరిటి మొదటి రెండక్షరములలో కటపయాది క్రమమున 65 అను మేళసంఖ్య దాగియున్నట్లే, ఆ వ్రాతలోను వేరొక మాట దాగియున్నది.

ఇట్టి చిక్కులను యంత్రము తనంత తాను విప్పదు. అందలి నియమమును కనిపెట్టవలసినది మనుష్యబుద్ధి. ఆ నియమమును పైథాన్ అను కంప్యూటరు భాషలో నాలుగు పంక్తులుగ వ్రాసి యిచ్చినచో, విసుగులేక నడపునది యంత్రము. ఒక మెట్టున ఒక సంఖ్య మరియొక సంఖ్యకు దారి చూపును, అది వేరొకదానికి. ఇట్లు వందలకొలది మారులు పోవలెను. చేతితో చేయబూనినవారు అలసిపోదురు. పని తీరు గ్రహించినవారు గట్టెక్కుదురు.

ఈ యాటకు రుసుము లేదు, గడువు లేదు. ఇంటిపని ముగించుకొనిన గృహిణికిని, పాఠశాలకు పోవు బాలికకును సమానముగ తగును. 'ఆడువారికి లెక్కలేల?' అనువారు నేటికిని కలరు. ఇంకను నిర్మాణమే కాని గణనయంత్రముచే లెక్క చేయించు క్రమమును 1843లోనే అచ్చున ప్రకటించినది ఏడా లవ్లేస్ అను ఆంగ్లవనిత యని వారికి తెలుపవలెను.

సోదరీమణులారా, ఒక్క మనవి. ఈ యాట జవాబులు వెదకిన క్షణములో దొరకును. మీ అమ్మాయి యొక మెట్టున నాలుగు దినములు నిలిచిపోయినను వానిని తెచ్చి యీయకుడు. ప్రక్కన కూర్చుండుడు, ఎంతవరకు వచ్చినదో అడుగుడు, ధైర్యము చెప్పుడు. ఆ నాలుగు దినముల యాలోచనయే ఆమెకు విద్య.