పుట్టుమచ్చ కాదు... ఉమ్ము పట్టిచ్చింది!

తిరునాళ్ళలో తప్పిపోయిన అన్నదమ్ములు క్లైమాక్సులో ఎలా కలుసుకుంటారు? భుజం మీద పుట్టుమచ్చ చూసో, మెళ్ళో గొలుసు చూసో, చిన్ననాడు అమ్మ నేర్పిన పాట వినో... అంతేగా! ఆ ఫార్ములాతో వందరోజులు ఆడిన సినిమాలెన్నో! ఇప్పుడు రక్తసంబంధం తేల్చడానికి పుట్టుమచ్చ అక్కర్లేదు. కాస్త ఉమ్ము చాలు. కాకపోతే ఆ ఉమ్ము ఒక్కోసారి అన్నదమ్ముల్ని కలపదు. పోలీసుల్ని గుమ్మంలోకి తెస్తుంది!

అలా ఇరుక్కున్నవాడు మన కులం వాడే. అంటే... సినిమా డైరెక్టరు!

ముందు ఫ్లాష్ బ్యాక్

1996 జూన్. అమెరికాలో ఇడాహో ఫాల్స్ అనే ఊరు. 18 ఏళ్ళ అమ్మాయి తన ఇంట్లోనే హత్యకు గురైంది. హంతకుడి డి.ఎన్.ఎ. అక్కడే దొరికింది. పోలీసులు ఓ 20 ఏళ్ళ కుర్రాణ్ణి పట్టుకుని, రోజుల తరబడి ప్రశ్నించి, నేరం ఒప్పించారు. దొరికిన డి.ఎన్.ఎ. అతనిది కాదు. అయినా 1998లో శిక్ష పడిపోయింది. "ఈ అబ్బాయి కాదేమో" అని తరవాత గట్టిగా పోరాడింది ఎవరనుకున్నారు? చనిపోయిన అమ్మాయి కన్నతల్లి! ఏ రచయితా ఊహించలేని పాత్ర అది.

డైరెక్టరుగారి ప్రవేశం

2014 నాటికి కూడా ఆ డి.ఎన్.ఎ. ఎవరిదో తెలియలేదు. వంశవృక్షాల పరిశోధన కోసం జనం స్వచ్ఛందంగా ఇచ్చిన నమూనాల భాండాగారంలో పోలీసులు వెతికారు. 35 గుర్తుల్లో 34 కలిసిన మనిషి ఒకడు తేలాడు. ఆ భాండాగారం అప్పటికి యాన్సెస్ట్రీ అనే కంపెనీ చేతిలో ఉంది. కోర్టు ఉత్తర్వు తెచ్చి పేరు రాబట్టారు.

వాళ్ళు పోల్చింది తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరులా దిగివచ్చే భాగాన్ని. నమూనా ఇచ్చినాయన వయసు సరిపోలేదు. ఆయన కొడుకు వయసు సరిపోయింది. పైగా ఆ కొడుక్కి ఇడాహోలో తెలిసినవాళ్ళున్నారు. ఇంకా పైగా, హత్యల నేపథ్యంలో ఓ లఘుచిత్రం కూడా తీశాడు! ఇంకేం, అనుమానానికి స్క్రీన్ ప్లే రెడీ!

న్యూ ఆర్లియన్స్ లో ఉన్న ఆ డైరెక్టరు దగ్గరికి పోలీసులొచ్చి, ప్రశ్నలు వేసి, నమూనా తీసుకెళ్ళారు. దాదాపు నెలరోజులు ఆయన ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఎదురుచూశాడు. చివరికి తేలిందేమిటి? ఆయన కాదు. ఉమ్ము ఇచ్చింది నాన్న, నిద్రపోనిది కొడుకు! గొడవ బయటికొచ్చాక 2015లో కంపెనీ ఆ భాండాగారాన్ని జనానికి కనబడకుండా మూసేసింది.

ఇంటర్వెల్ తరవాత

2018 ఏప్రిల్లో కాలిఫోర్నియాలో బాంబు పేలింది. పదమూడు హత్యలూ, డజన్లకొద్దీ అత్యాచారాలూ చేసి నలభై ఏళ్ళుగా దొరకని "గోల్డెన్ స్టేట్ కిల్లర్" దొరికాడు. పేరు జోసెఫ్ డియాంజెలో, వయసు 72. ఒకప్పుడు పోలీసు ఉద్యోగి! జనం తమ బంధువుల్ని వెతుక్కునే జెడ్‌మ్యాచ్ అనే చోట అతని దూరపు చుట్టాలు కనబడ్డారు. ఆ తీగ లాగితే డొంక కదిలింది. 2020లో జీవితఖైదు పడింది.

అదే పద్ధతిని ఇడాహోలోనూ ప్రయోగించారు. ఈసారి చుట్టాలందరితో వంశవృక్షం గీసి, కొమ్మ కొమ్మా వెతికారు. ఒక మనిషి మిగిలాడు. హత్య నాటికి ఆ అమ్మాయి ఇంటి ఎదురుగానే ఉన్నవాడు! అతను కారులోంచి విసిరేసిన సిగరెట్ పీక తీసి పరీక్షిస్తే సరిగ్గా కలిసింది. 2019 మేలో అరెస్టు. ఆ జూలైలో, దాదాపు ఇరవై ఏళ్ళు జైల్లో మగ్గిన ఆ పాత కుర్రాడు నిర్దోషి అని కోర్టు ప్రకటించింది.

చూశారా విచిత్రం! ఒకే కేసులో చుట్టరికం ఒక అమాయకుణ్ణి ఇరికించింది, మరో అమాయకుణ్ణి విడిపించింది. కత్తి ఒకటే. పట్టిన చెయ్యి ఎంత జాగ్రత్తగా ఉందన్నదే తేడా.

మరి మన సంగతి?

ఈ విద్య మనకూ కొత్తదేం కాదు. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో డాక్టర్ లాల్జీ సింగ్ 1988లోనే మన దేశపు డి.ఎన్.ఎ. ఫింగర్ ప్రింటింగ్ విధానాన్ని తయారుచేశారు. డి.ఎన్.ఎ. బ్యాంకులు పెట్టాలన్న బిల్లు 2019లో లోక్ సభకొచ్చి, 2023లో వెనక్కి పోయింది. కాని 2022లో వచ్చిన చట్టం దోషుల నుంచీ, అరెస్టయినవాళ్ళ నుంచీ జీవ నమూనాలు తీసుకునే అధికారం పోలీసులకిచ్చింది. ఆ రికార్డు 75 ఏళ్ళు ఉంటుంది. పాత శిక్షలేవీ లేనివాడు నిర్దోషిగా బయటపడితే, కోర్టు వద్దంటే తప్ప, దాన్ని చెరిపెయ్యాలి.

వేలిముద్ర మనొక్కరిదే. డి.ఎన్.ఎ. అలా కాదు. అందులో అక్క ఉంది, బాబాయి ఉన్నాడు, ఇంకా పుట్టని మనవడూ ఉన్నాడు. మనం సంతకం పెడితే వాళ్ళందరి తరఫునా పెట్టినట్టే! హంతకుడు దొరకాలి, సరే. ఎవరి నమూనా, ఎవరి అనుమతితో, ఎన్నాళ్ళు అన్నది మాత్రం చట్టం గట్టిగా చెప్పాలి.

కనుక "మీ పూర్వీకులెవరో చెబుతాం, కాస్త ఉమ్మండి" అని ఎవరైనా గొట్టం చాపితే, ఉమ్మేముందు ఇంట్లో ఒక మాట అడగండి. అది మీ ఒక్కరిదే కాదు మరి!