తడిసిన కుక్కకు ఆ వాసన ఎందుకు?

జులై నెల. సూరత్ నగరంలోని వడోద్‌లో ఒక ఒంటిగది ఇంటిని ఊహించుకోండి. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబం. తలుపు పక్కన గోనెసంచి మీద వాళ్ళ పెంపుడు కుక్క పడుకుని ఉంది. మొన్ననే దానికి ఒంటి సబ్బుతో రుద్ది రుద్ది స్నానం చేయించారు. నిన్న వాన పడింది. ఇవాళ ఇల్లంతా ఒకటే కుక్క వాసన! "మళ్ళీ స్నానం చేయించండి" అంటారు ఒకరు. "నీళ్ళలో కాస్త ఫినాయిల్ కలపండి" అంటారు పక్కింటివారు. ఈ రెండూ ఫలించకపోతే మూడో సలహా సిద్ధంగా ఉంటుంది: "ఆ కుక్కను వీధిలో వదిలేయండి."

ఈ మూడు సలహాలూ తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే అసలు ఆ వాసన ఎలా పుడుతుందో తెలుసుకోవాలి.

చెమట కాదు, మురికీ కాదు

మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆ చెమట ఆవిరవుతూ శరీరాన్ని చల్లబరుస్తుంది. కుక్కకు ఇటువంటి పలచని చెమటను స్రవించే గ్రంథులు ముఖ్యంగా పాదాల అడుగున ఉండే మెత్తల్లోనే ఉంటాయి. అందుకే ఎండాకాలంలో అది నాలుక బయటపెట్టి వగరుస్తూ ఒంటి వేడిని తగ్గించుకుంటుంది.

అయితే కుక్క చర్మంలో వెంట్రుకల కుదుళ్ళ దగ్గర మరి రెండు రకాల గ్రంథులు ఉన్నాయి. ఒక రకం గ్రంథులు నూనెలాంటి పదార్థాన్ని ఊరిస్తాయి. అది వెంట్రుకలకు నునుపునిస్తుంది, చర్మం పగలకుండా కాపాడుతుంది. రెండో రకం గ్రంథులు కొంచెం చిక్కటి ద్రవాన్ని స్రవిస్తాయి. అప్పుడే ఊరిన ఈ పదార్థాలకు పెద్దగా వాసన ఉండదు. కాని చర్మం మీద నివసించే బాక్టీరియాకు, ఈస్టు అనే శిలీంధ్రానికి ఇవే ఆహారం. అవి ఈ కొవ్వులను, ప్రోటీన్లను విడగొట్టి చిన్న చిన్న అణువులుగా మారుస్తాయి. చిన్న అణువులు తేలికగా ఆవిరై మన ముక్కును చేరతాయి. మనం కుక్క వాసన అనేది దీన్నే.

ఈ ఈస్టు పేరు మలస్సీజియా పాకిడెర్మాటిస్. 'పాకిడెర్మ్' అంటే దళసరి చర్మం గల జంతువు. కుక్క మీద ఉండే జీవికి ఈ పేరేమిటి అనిపిస్తుంది కదూ? 1925లో వైడ్‌మన్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదట గుర్తించింది చర్మవ్యాధితో బాధపడుతున్న ఒక భారతీయ ఖడ్గమృగం మీద! ఆరోగ్యంగా ఉన్న కుక్క చెవుల్లోనూ, చర్మం మీదా ఇది కొద్దిగా ఉంటుంది. వెచ్చదనం, తేమ, కొవ్వు మూడూ ఒకచోట కలిస్తే విపరీతంగా పెరుగుతుంది. సూరత్ వర్షాకాలంలో ఈ మూడింటికీ కొదవ లేదు.

తడిస్తే వాసన ఎందుకు పెరుగుతుంది?

కుక్క వెంట్రుకలు కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. గొర్రె ఉన్ని కూడా కెరటినే. ఈ ప్రోటీన్ నీటిని బాగా పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు వాసన అణువులు వెంట్రుకను, దాని మీది నూనె పొరను అంటిపెట్టుకుని ఉంటాయి. తడిసినప్పుడు నీటి అణువులు వాటిని పక్కకు నెట్టి ఆ చోటును ఆక్రమిస్తాయి. చోటు కోల్పోయిన వాసన అణువులు గాలిలోకి లేస్తాయి. తడి కుక్క వెంట్రుకల నుంచి వచ్చే ఆవిర్లను రసాయన శాస్త్రవేత్తలు విశ్లేషించినప్పుడు వాటిలో ఆల్డిహైడ్‌లు, ఫినాల్, పారా క్రెసాల్, గంధకం గల సమ్మేళనాలు కనిపించాయి.

అంటే వాన నీరు కొత్త వాసనను తీసుకురాలేదు. ఉన్నదాన్నే విడుదల చేసింది. కుక్క ఎంతసేపు తడిగా ఉంటే అంతసేపు వాసన వస్తూనే ఉంటుంది. పైగా ఆ తడిలో సూక్ష్మజీవులు పెరిగి రేపటి వాసనకు ముడిసరుకు తయారుచేస్తాయి.

సబ్బు చేసే కీడు

మరి రోజూ సబ్బుతో కడిగేస్తే సరిపోదా? మన ఒంటి సబ్బు క్షార స్వభావం కలది. కుక్క చర్మం పైపొర మన చర్మం కంటే పలచన. తరచూ సబ్బు పెడితే దాన్ని కాపాడే నూనె పొర పోతుంది, చర్మం ఎండి దురద పుడుతుంది. కుక్క గోక్కుంటుంది, గీరుకున్న చోట పుండు పడుతుంది, అక్కడ సూక్ష్మజీవులు చేరతాయి. వాసన పోగొట్టబోయి కొత్త వాసనను తెచ్చుకున్నట్టవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పొట్టి వెంట్రుకల కుక్కకు సుమారు నెలకొకసారి, కుక్కల కోసం తయారుచేసిన షాంపూతో స్నానం చాలు.

ఇక ఫినాయిల్ సంగతి. నల్ల ఫినాయిల్‌లో ఫినాల్, క్రెసాల్ జాతి పదార్థాలు ఉంటాయి. తడి వెంట్రుకల వాసనలో అత్యల్పంగా కనిపించే ఈ పదార్థాలే సీసాలో గాఢంగా ఉన్నప్పుడు చర్మాన్ని కాలుస్తాయి. కుక్క తన ఒంటిని తానే నాక్కుంటుంది కనుక మనం పూసినదంతా దాని కడుపులోకి పోతుంది. కిరోసిన్, కర్పూరపు నూనె, పడకలో వేసే నాఫ్తలీన్ ఉండలు కూడా ఇంతే ప్రమాదం. సెంటు చల్లడం హింసే. వాసన పట్టడంలో మనకంటే ఎన్నో రెట్లు చురుకైన ముక్కు దానిది.

పాత లుంగీ ఉపకారం

వాసనకు మూలం తేమ అయినప్పుడు మందు ఆరబెట్టడమే కదా! ఇక్కడ సూరత్ వాసులకు తెలిసిన విద్య పనికివస్తుంది. సూరత్ మగ్గాల మీద ఎక్కువగా తయారయ్యేది పాలిస్టర్ వంటి కృత్రిమ దారపు గుడ్డ. గాలిలో తేమ 65 శాతం, ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు 100 గ్రాముల పొడి నూలు పోగు గాలి నుంచి సుమారు 8 గ్రాముల నీటిని పీలుస్తుంది. ఉన్ని సుమారు 16 గ్రాములు పీలుస్తుంది. పాలిస్టర్ పీల్చేది అర గ్రాముకు లోపే! అందువల్ల నునుపైన పాలిస్టర్ చీర ముక్కతో తుడిస్తే నీరు ఒకచోటి నుంచి మరోచోటికి జరుగుతుందే గాని పోదు. పాత నూలు లుంగీయో, తువ్వాలో అయితే నీటిని తనలోకి లాక్కుంటుంది.

ఉన్ని లెక్కను మరోసారి చూడండి. కుక్క వెంట్రుక కూడా కెరటినే కనుక వానలో తడవకపోయినా ముసురు రోజుల్లో గాలి నుంచే తేమను లాగుతుంది. అందుకే ఈ రోజుల్లో కుక్కను ఫ్యాను గాలి తగిలే చోట పడుకోబెట్టాలి.

స్నానానికీ స్నానానికీ మధ్య చేయవలసిన పనులు ఇవి. రోజూ అయిదు నిమిషాలు బ్రష్‌తో దువ్వితే రాలిన వెంట్రుకలు, చర్మపు పొట్టు పోతాయి, గాలి చర్మాన్ని తాకుతుంది. బయటి నుంచి రాగానే పాదాలను, వేళ్ళ సందులను, పొట్టను తడి నూలుగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి. గోనెసంచికి బదులు ఉతకడానికి వీలైన పరుపుగుడ్డ వేసి, వారానికొకసారి ఉతికి ఎండలో ఆరేయాలి. చాలా ఇళ్ళలో వాసన కుక్కలో కంటే దాని పడకలోనే ఎక్కువగా ఉంటుంది.

ఎండ లేనప్పుడు ఏం చేయాలి? చిన్న ప్రయోగం చేసి చూడండి. గిన్నెలో రెండు చెంచాల వెనిగర్ పోసి వాసన చూడండి. ఇప్పుడు వంటసోడా కొద్దికొద్దిగా కలపండి. బుసబుసా పొంగుతుంది. పొంగు ఆగేవరకు కలిపి మళ్ళీ వాసన చూడండి. ఘాటు దాదాపు మాయమవుతుంది! ఆవిరయ్యే అసిటిక్ ఆమ్లం, ఆవిరి కాని సోడియం అసిటేట్ లవణంగా మారిపోయింది. కుక్క పడకలోని ఆమ్ల వాసనలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పొడి పడక మీద వంటసోడా చల్లి, అరగంట తర్వాత బయట బాగా దులపండి. కుక్క ఒంటి మీద మాత్రం చల్లకండి. నాకి ఎక్కువగా మింగితే దానికి హాని.

వాసన చెప్పే కబురు

అన్ని వాసనలూ తుడిస్తే పోయేవి కావు. చెవి నుంచి పులిసిన వాసన, లోపల గోధుమరంగు గులిమి, తల విదిలించడం కనిపిస్తే చెవిలో ఈస్టు గాని, బాక్టీరియా గాని పెరిగిందేమో చూపించాలి. నోటి దుర్వాసన తరచుగా పళ్ళ మీది గారకు, చిగుళ్ళ వ్యాధికి గుర్తు. నోట్లోంచి మూత్రం వంటి వాసన వస్తే మూత్రపిండాలను, తియ్యటి వాసన వస్తే మధుమేహాన్ని అనుమానించాలి. చేపల వాసనతోపాటు కుక్క వెనుక భాగాన్ని నేలకు రాస్తుంటే మలద్వారం పక్కనున్న రెండు చిన్న తిత్తులు మూసుకుపోయాయేమోనని చూడాలి. ఇలాంటప్పుడు సబ్బు కాదు, పశువైద్యుడు కావాలి.

దక్షిణ గుజరాత్‌లో మరో జాగ్రత్త అవసరం. సూరత్, నవసారి, వల్సాడ్ జిల్లాల్లో వర్షాకాలంలో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంటుంది. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రం ద్వారా ఈ బాక్టీరియా నిలవ నీటిలో చేరి, చర్మం మీది గాయాల గుండా శరీరంలోకి ప్రవేశిస్తుంది. వాన గుంటల్లో కుక్కను కడగకండి. గుంటలో దిగి వస్తే శుభ్రమైన నీటితో కడిగి తుడవండి. తర్వాత మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. సబ్బు అవసరం మన చేతులకే! కుక్కకు ఈ వ్యాధి రాకుండా టీకా ఉంది, దాని గురించి పశువైద్యుణ్ణి అడగండి.

ఇప్పుడు వడోద్‌లోని ఆ ఒంటిగదికి తిరిగి వెళ్దాం. అక్కడ కావలసింది ఒక దువ్వెన, ఒక పాత లుంగీ, ఒక ఉతికిన పరుపుగుడ్డ. ఇవి లేని ఇల్లు ఉండదు. వీటితో వాసన తగ్గితే ఆ కుక్క ఇంట్లోనే ఉంటుంది. తగ్గకపోతే అది తన జబ్బు సంగతి మనకు చెబుతోందన్నమాట. రెండు సందర్భాల్లోనూ దాన్ని వీధిలో వదిలేయడానికి కారణం మాత్రం కనిపించదు.