పేరు దొరక్కపోతే మెయిల్ ఏమవుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ప్రయాణికులు ఆ స్టేషన్‌ను పేరుతో పిలుస్తారు. రిజర్వేషన్ వ్యవస్థ మాత్రం ‘బీఎస్‌పీ’ అనే కోడ్‌తో గుర్తిస్తుంది. ఇంటర్నెట్‌లోనూ ఇంతే. మనం పేర్లు రాస్తాం, కంప్యూటర్లకు అంకెల ఐపీ చిరునామాలు కావాలి. పేరుకు తగిన చిరునామా చెప్పే వ్యవస్థే డీఎన్ఎస్. దీన్ని 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించారు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని ఓ తెలుగు విద్యార్థి విశాఖపట్నం కళాశాలకు గడువు చివరి రోజున దరఖాస్తు మెయిల్ చేశాడనుకుందాం. పంపే సర్వర్ డీఎన్ఎస్‌ను రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఆ కళాశాల మెయిల్‌ను ఏ సర్వర్ తీసుకుంటుంది? దాని ఐపీ చిరునామా ఏమిటి? మొదటిదానికి జవాబు ‘ఎంఎక్స్’ రికార్డులో ఉంటుంది.

‘ఆ పేరే లేదు’ అని జవాబు వస్తే మెయిల్ వెంటనే తిరిగొస్తుంది. విద్యార్థి చిరునామా సరిచూసుకోవచ్చు. అసలు జవాబే రాకపోతే సర్వర్ దాన్ని తాత్కాలిక లోపంగా భావించి, మెయిల్‌ను క్యూలో ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇలా కనీసం 4, 5 రోజులు ప్రయత్నించాలన్నది ప్రమాణాల సూచన. ఈలోగా మెయిల్ చేరిందనే అనుకుంటాడు, గడువు దాటిపోతుంది.

అందుకే నిర్వాహకులు ముందు క్యూను, లాగ్‌ను చూడాలి. తర్వాత అదే సర్వర్‌లో ‘డిగ్’ ఆదేశంతో ఎంఎక్స్ రికార్డు అడగాలి. జవాబు రాకపోతే నెట్‌వర్క్‌ను, ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ ఫైల్‌లోని డీఎన్ఎస్ సర్వర్ చిరునామాను పరీక్షించాలి. జవాబు వచ్చినా మెయిల్ కదలకపోతే, పోస్ట్‌ఫిక్స్ వంటి ప్రోగ్రామ్ తన విడి డైరెక్టరీలో ఉన్న ఆ ఫైల్ పాత నకలును చదువుతుండవచ్చు. నకలును మార్చి, ప్రోగ్రామ్‌ను పునఃప్రారంభించి, క్యూను మళ్లీ పంపితే సరి. క్యూలోని మెయిల్‌ను మాత్రం తొలగించకూడదు. లోపం తీరగానే అది గమ్యం చేరగలదు.